ముందు గీత, తర్వాత రాత: ఎఫ్‌పీజీఏ మీద మొదటి డిజిటల్ సర్క్యూట్, కాగితం నుంచి బోర్డు దాకా

ఎఫ్‌పీజీఏ అంటే లోపలి సర్క్యూట్‌ని మనమే అమర్చుకోగల చిప్, ఆ సర్క్యూట్‌ని వర్ణించే భాషల్లో ఒకటి వెరిలాగ్. వెరిలాగ్ ఫైల్ మొదటిసారి తెరిచినవాళ్ళకి అది బాగా తెలిసిన భాషలాగే కనిపిస్తుంది. ఇఫ్ ఉంది, కేస్ ఉంది, ఫర్ లూప్ కూడా ఉంది, కాబట్టి ఇన్నాళ్ళూ ప్రోగ్రాములు రాసిన చెయ్యి ఇక్కడా ప్రోగ్రామే రాసేస్తుంది. సర్క్యూట్‌ని కంప్యూటర్‌లోనే నడిపి చూపే సిమ్యులేటర్ దాన్ని నడిపిస్తుంది కూడా. తీరా బోర్డు మీదకి ఎక్కించాక ఎల్‌ఈడీ వెలగదు, లేదా వెలిగింది ఆరదు, లేదా నిన్నటిదాకా పనిచేసింది ఏ సంబంధమూ లేని ఒక లైను మార్చగానే ఆగిపోతుంది. నా మొదటి రెండు నెలలు ఇలాగే గడిచాయి. అందులోంచి బయటపడ్డది ఒకే ఒక్క అలవాటు వల్ల: ఏం రాయాలన్నా ముందు ఆ సర్క్యూట్‌ని కాగితం మీద గీస్తాను, గీయడం రాకపోతే కీబోర్డు ముట్టుకోను.

ఈ గైడ్ అంతా ఆ అలవాటు చుట్టూనే ఉంటుంది. ఒకే ఒక ప్రాజెక్టు తీసుకుందాం: బోర్డు మీద బటన్ నొక్కిన ప్రతిసారీ ఒక అంకె పెరగాలి, ఆ అంకె సీరియల్ లైను (బిట్లని ఒకదాని తర్వాత ఒకటి పంపే వైరు) మీదుగా కంప్యూటర్ టెర్మినల్‌లో కనబడాలి, పక్కన ఒక ఎల్‌ఈడీ ఊరికే మిణుకుతూ ఉండాలి. చూడ్డానికి చిన్నదే గానీ క్లాక్, కౌంటర్, బయటి సిగ్నల్, షిఫ్ట్ రిజిస్టర్, టైమింగ్ అన్నీ ఇందులోకి వచ్చేస్తాయి. కోడ్ ముక్కలు కావాలనే పెట్టలేదు. ప్రతి సర్క్యూట్‌నీ మాటల్లో చెప్తాను, మీరు గీసి, మీ చేత్తో రాయండి.

చిప్ లోపల ఏముందో ముందు తెలియాలి

ప్రాసెసర్‌లో మీరు రాసిన సూచనలు ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. ఎఫ్‌పీజీఏలో నడిచే సూచనలే లేవు. ఉన్నవి చిన్న చిన్న లుకప్ టేబుళ్ళు, అందరూ లట్ అంటారు. నాలుగు ఇన్‌పుట్ల లట్ అంటే 16 బిట్ల మెమరీ: నాలుగు వైర్లు కలిసి ఏ గడిని చూపిస్తే ఆ గడిలోని 0 లేదా 1 బయటికొస్తుంది. ఆ 16 గడుల్లో ఏం నింపారన్నదాన్ని బట్టి అదే లట్ ఆండ్ గేటవుతుంది, ఎక్స్‌ఆర్ అవుతుంది, నాలుగు ఇన్‌పుట్లతో చేయగల ఏ లాజిక్ అయినా అవుతుంది. ప్రతి లట్ పక్కన ఒక ఫ్లిప్‌ఫ్లాప్ ఉంటుంది, క్లాక్ (ఒకే లయలో 0, 1 మధ్య మారే సిగ్నల్) అంచు, అంటే అది మారే క్షణం, వచ్చినప్పుడు తన ముందున్న విలువని పట్టుకుని, తర్వాతి అంచు దాకా వదలకుండా ఉంచడం దాని పని. వీటన్నిటి మధ్యా మనకి కావలసినట్టు కలుపుకోగల వైర్ల వల. మీరు చివర్లో చిప్‌లోకి పంపే బిట్‌స్ట్రీమ్ అంటే ఏ గడిలో ఏ బిట్టు, ఏ వైరు దేనికి కలవాలి అన్న పట్టికే.

1985లో జైలింక్స్ తెచ్చిన ఎక్స్‌సీ2064లో ఇలాంటి లాజిక్ బ్లాకులు 64 ఉండేవి. ఇవాళ నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా వాడే లాటిస్ ఐస్40 హెచ్‌ఎక్స్1కేలో 1,280 ఉన్నాయి. ఆర్టిక్స్-7 కుటుంబంలో 35టీ అనే చిప్‌లో ఆరు ఇన్‌పుట్ల లట్‌లు 20,800, ఫ్లిప్‌ఫ్లాప్‌లు 41,600, వాటికి తోడు గుణకారం చేయడానికే పెట్టిన డీఎస్‌పీ బ్లాకులు 90 ఉన్నాయి. మన ప్రాజెక్టుకి వీటిలో అతి చిన్నది కూడా ఎక్కువే.

ఇంకో సంగతి. ఈ చిప్‌లలో చాలావరకు కరెంటు తీయగానే అంతా మర్చిపోతాయి, ఎందుకంటే ఆ పట్టిక ఎస్‌ర్యామ్‌లో ఉంటుంది. అందుకే బోర్డు మీద పక్కనే ఒక ఫ్లాష్ చిప్ పెడతారు, పవర్ రాగానే పట్టిక అందులోంచి లోపలికి వస్తుంది.

భాష, టూల్స్, బోర్డు

భాష ఎంపిక మీద ఎక్కువ సమయం పెట్టకండి. వెరిలాగ్ 1980ల మధ్యలో గేట్‌వే డిజైన్ ఆటోమేషన్ అనే కంపెనీలో పుట్టింది, ఫిల్ మూర్బీ, ప్రభు గోయెల్ దాని వెనక ఉన్నవాళ్ళు. 1995లో ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ ప్రమాణం అయింది. ఇలాంటిదే ఇంకో భాష వీహెచ్‌డీఎల్, అది అమెరికా రక్షణ శాఖ ప్రాజెక్టు నుంచి వచ్చి 1987లోనే ప్రమాణం అయింది. రెండిట్లో ఏది నేర్చుకున్నా రెండోది ఆ తర్వాత తేలిగ్గానే వస్తుంది. నేను వెరిలాగ్‌తో మొదలుపెట్టి, దాని తర్వాతి రూపమైన సిస్టమ్‌వెరిలాగ్ నుంచి రెండు మూడు సౌకర్యాలు తీసుకోమంటాను.

ఆ చరిత్రలో మీకు నేరుగా పనికొచ్చే విషయం ఒకటుంది. వెరిలాగ్ మొదట సిమ్యులేషన్ కోసం పుట్టిన భాష, రాసినదాన్ని గేట్లుగా మార్చే సింథసిస్ తర్వాత వచ్చింది. అందుకే భాషలో ఉన్నదంతా సర్క్యూట్ కాదు. పది నానోసెకన్లు ఆగు, స్క్రీన్ మీద ముద్రించు లాంటివి సిమ్యులేటర్‌కి అర్థమవుతాయి గానీ, చిప్‌లో పది నానోసెకన్లు ఆగే వస్తువేదీ ఉండదు, కాబట్టి సింథసిస్ టూల్ వాటిని చూసీ చూడనట్టు వదిలేస్తుంది. మీ ఫైళ్ళని మొదటిరోజు నుంచే రెండు ఫోల్డర్లుగా విడదీయండి, ఒకటి చిప్‌లోకి వెళ్ళేది, రెండోది పరీక్షకి మాత్రమే.

టూల్స్ విషయానికొస్తే, సిమ్యులేషన్‌కి ఐకారస్ వెరిలాగ్, వేవ్‌ఫామ్‌లు (సిగ్నళ్ళు కాలంతో ఎలా మారాయో చూపే గీతలు) చూడ్డానికి జీటీకేవేవ్, తప్పులు పట్టడానికి వెరిలేటర్‌లోని లింట్ చాలు, అన్నీ ఉచితం. ఐస్40, ఈసీపీ5 చిప్‌లకైతే సింథసిస్‌కి యోసిస్, చిప్ మీద అమర్చడానికి నెక్స్ట్‌పీఎన్ఆర్ ఉన్నాయి, ఇవీ ఓపెన్ సోర్సే. ఆర్టిక్స్ అయితే ఏఎండీ వారి వివాడో, ఆల్టెరా చిప్‌లకి క్వార్టస్. మొదటి బోర్డుగా యూఎస్‌బీ నుంచే ప్రోగ్రామ్ అయ్యేది, సీరియల్ పోర్టు ఉన్నది, రెండు మూడు బటన్లూ ఎల్‌ఈడీలూ ఉన్నది తీసుకోండి. చిప్ ఎంత పెద్దదన్నది ఇప్పుడు అనవసరం. చిన్న చిప్ అయితే మార్పు చేసి మళ్ళీ బోర్డు మీద చూసుకోవడానికి కొన్ని సెకన్లే పడుతుంది, నేర్చుకునే రోజుల్లో దానికి మించిన సౌకర్యం లేదు.

గీయడం

నియమాలు రెండే. ఫ్లిప్‌ఫ్లాప్‌లకి, అంటే రిజిస్టర్లకి, పెట్టె గీయండి, లోపల ఎన్ని బిట్లో రాయండి. వాటి మధ్య ఉండే లాజిక్‌కి మబ్బు గీయండి. పెట్టెలోంచి బయల్దేరిన విలువ మబ్బు గుండా వెళ్ళి ఇంకో పెట్టె గుమ్మం దగ్గర ఆగి ఉంటుంది, క్లాక్ అంచు రాగానే లోపలికి అడుగుపెడుతుంది. డిజైన్‌లో ఉన్న పెట్టెలన్నీ ఒకే క్షణంలో తలుపు తీస్తాయి. ఈ బొమ్మ మనసులో స్థిరపడితే మిగతా గైడ్‌లో సగం మీకు ముందే అర్థమైపోయినట్టే.

మిణుకు ఎల్‌ఈడీతో మొదలుపెడదాం. 24 బిట్ల పెట్టె ఒకటి. దాని అవుట్‌పుట్ "ఒకటి కలుపు" అనే మబ్బులోకి వెళ్ళి తిరిగి అదే పెట్టె ఇన్‌పుట్‌కి వస్తుంది. అన్నిటికన్నా పై బిట్టు ఎల్‌ఈడీకి. బోర్డు క్లాక్ 12 మెగాహెర్ట్జ్ అనుకుంటే, 24 బిట్లు పూర్తిగా ఒక చుట్టు తిరగడానికి 1,67,77,216 క్లాకులు, అంటే 1.4 సెకన్లు. కాబట్టి ఎల్‌ఈడీ 0.7 సెకను వెలిగి 0.7 సెకను ఆరాలి. ఈ లెక్క ముందే వేసి పెట్టుకోండి, బోర్డు మీద అదే వేగం కనిపిస్తే క్లాక్ మీరు అనుకున్నదేనని రుజువైనట్టు. 100 మెగాహెర్ట్జ్ బోర్డు మీద ఇదే డిజైన్ పెడితే సెకనుకి ఆరుసార్లు మిణుకుతుంది.

రాసేటప్పుడు కౌంటర్‌కి మొదటి విలువ ఇవ్వడం మర్చిపోవద్దు. ఇవ్వకపోతే సిమ్యులేటర్ దాన్ని "తెలియదు" అనే ఎక్స్ విలువతో మొదలుపెడుతుంది, తెలియనిదానికి ఒకటి కలిపితే తెలియనిదే వస్తుంది, కాబట్టి వేవ్‌ఫామ్ అంతా ఎర్రగీతలే. చాలామంది దీన్ని సిమ్యులేటర్ లోపం అనుకుని రోజంతా పోగొట్టుకుంటారు. నిజానికి అది మీకు చేస్తున్న మేలు: ఈ రిజిస్టర్ ఎక్కడ మొదలవ్వాలో నువ్వు చెప్పలేదు అని ముందే హెచ్చరిస్తోంది.

రాయడం: సమానం గుర్తులు రెండెందుకు

వెరిలాగ్‌లో కొత్తవాళ్ళని అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించేది ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. విలువ పెట్టడానికి రెండు గుర్తులున్నాయి: = ఒకటి, <= ఇంకొకటి. మొదటిది వెంటనే జరుగుతుంది, తర్వాతి లైను కొత్త విలువనే చూస్తుంది. రెండోది కుడివైపు విలువని ఇప్పుడే లెక్కకట్టి పక్కన పెట్టి, ఆ క్షణంలో జరగాల్సిన లెక్కలన్నీ అయ్యాక ఎడమవైపు మారుస్తుంది.

రెండు పెట్టెలు గీయండి, మొదటిదాని అవుట్‌పుట్ రెండోదాని ఇన్‌పుట్‌కి, రెండోదాని అవుట్‌పుట్ మొదటిదానికి. క్లాక్ అంచు వచ్చిన ప్రతిసారీ విలువలు తారుమారవ్వాలి. <= తో రెండు లైన్లు రాస్తే సరిగ్గా అదే జరుగుతుంది. = తో రాస్తే మొదటి లైను వల్ల ఒక విలువ పోతుంది, రెండో లైను పోయినదాని స్థానంలో వచ్చిన విలువనే తిరిగి రాస్తుంది, రెండు పెట్టెల్లోనూ ఒకటే మిగులుతుంది. ఇంకా దారుణం ఏమిటంటే, వరసగా మూడు ఫ్లిప్‌ఫ్లాప్‌లు పెట్టాలనుకుని = తో రాస్తే లైన్ల క్రమాన్ని బట్టి ఒక్కోసారి మూడూ వస్తాయి, ఒక్కోసారి మూడూ కలిసి ఒకటైపోతాయి. అప్పుడు మీ కాగితం మీదున్న బొమ్మ వేరు, చిప్‌లో కూర్చున్న బొమ్మ వేరు.

కాబట్టి మినహాయింపులు లేకుండా పాటించండి: క్లాక్ అంచుకి స్పందించే ఆల్వేస్ బ్లాకులో (ఏది ఎప్పుడు మారాలో రాసే వెరిలాగ్ ముక్క) <= మాత్రమే. మబ్బుని వర్ణించే ఆల్వేస్ బ్లాకులో = మాత్రమే. ఒక సిగ్నల్‌కి విలువ ఇచ్చేది ఒకే ఒక్క బ్లాకు.

మబ్బు బ్లాకులో ఇంకో గొయ్యి ఉంది. ఇఫ్ రాసి ఎల్స్ వదిలేశారనుకోండి, ఆ షరతు తప్పినప్పుడు అవుట్‌పుట్ ఏమవ్వాలో మీరు చెప్పనట్టే, అప్పుడు భాష నియమం ప్రకారం పాత విలువ అలాగే ఉండాలి, పాత విలువ ఉండాలంటే జ్ఞాపకం కావాలి, కాబట్టి టూల్ అక్కడ మీరు అడగని ఒక లాచ్, అంటే క్లాక్ అంచు కోసం ఆగని జ్ఞాపకం, పెట్టేస్తుంది. మీ బొమ్మలో అక్కడ పెట్టె లేదు. దీనికి మందు తేలికే: బ్లాకు మొదట్లోనే ప్రతి అవుట్‌పుట్‌కీ ఒక మామూలు విలువ ఇచ్చేసి, ఆ తర్వాత ఇఫ్‌లు రాయండి. సిస్టమ్‌వెరిలాగ్‌లోని ఆల్వేస్-కాంబ్ వాడితే ఇలాంటి చోట టూల్ నోరు తెరిచి చెప్తుంది, ఆ సౌకర్యం తప్పక తీసుకోండి.

బటన్: బయటి ప్రపంచం మీ క్లాక్‌ని పట్టించుకోదు

ఇప్పుడు అసలు పని. బటన్‌ని నేరుగా కౌంటర్‌కి కలిపి, నొక్కినప్పుడు ఒకటి పెంచు అని రాస్తే ఏమవుతుంది? మనిషి బటన్ నొక్కి వదలడానికి 0.2 సెకను పడుతుందనుకుందాం. ఆలోపు 12 మెగాహెర్ట్జ్ క్లాక్ 24 లక్షలసార్లు కొట్టుకుంటుంది, కౌంటర్ 24 లక్షలసార్లు పెరుగుతుంది. అందుకని మనకి మూడు అంచెలు కావాలి, ఇదే వరసలో.

మొదటి అంచె రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌లు, ఒకదాని వెనక ఒకటి, మధ్యలో మబ్బేమీ లేకుండా. ఈ జతనే సింక్రనైజర్ అంటారు. బటన్ ఎప్పుడు మారుతుందో మన క్లాక్‌కి తెలియదు. సరిగ్గా క్లాక్ అంచు దగ్గరే మారితే ఫ్లిప్‌ఫ్లాప్ 0కీ 1కీ మధ్య కాసేపు ఊగిసలాడుతుంది, దీన్నే మెటాస్టెబిలిటీ అంటారు. దాన్ని పూర్తిగా ఆపే ఉపాయం లేదు. కుదురుకోవడానికి ఒక క్లాక్ సమయం ఇచ్చి, ఆ తర్వాత రెండో ఫ్లిప్‌ఫ్లాప్‌తో చదివితే గండం జరిగే అవకాశం బాగా తగ్గిపోతుంది. ఇక్కడొక హెచ్చరిక: ఒకే బయటి సిగ్నల్‌ని డిజైన్‌లో రెండు చోట్ల విడివిడిగా చదవకండి. ఒక చోట అది 1 అని, అదే క్లాక్‌లో రెండో చోట 0 అని కనబడొచ్చు. నా డిజైన్ ఒకటి రోజుకి ఒకసారి బిగుసుకుపోయేది, సిమ్యులేషన్‌లో ఎంత వెతికినా దొరకలేదు, ఎందుకంటే సిమ్యులేటర్‌లో మెటాస్టెబిలిటీ ఉండదు. చివరికి బొమ్మని మళ్ళీ మొదట్నుంచి గీస్తే, బయటి వైరు ఒకటి సింక్రనైజర్ దాటకుండా స్టేట్ మెషీన్‌లోకి (ఇప్పుడు ఏ దశలో ఉన్నామో గుర్తుంచుకుని నడిచే సర్క్యూట్) రెండు దార్లలో వెళ్తూ కనబడింది.

రెండో అంచె డిబౌన్స్. బటన్ లోపలి లోహపు ముక్కలు ఒక్కసారిగా అతుక్కోవు, కొన్ని మిల్లీసెకన్ల పాటు తాకి వదిలి తాకుతూ ఉంటాయి. "ఇప్పుడు స్థిరమైన విలువ ఇది" అని చెప్పే ఒక బిట్టు పెట్టె పెట్టండి. సింక్రనైజర్ నుంచి వచ్చే విలువ దానికి భిన్నంగా ఉన్నంతసేపు 17 బిట్ల కౌంటర్ పెరగాలి, ఒక్క క్లాక్‌లో రెండూ సమానమైనా కౌంటర్ సున్నాకి పోవాలి, కౌంటర్ నిండితే స్థిరమైన బిట్టు మారాలి. 17 బిట్లు నిండడానికి 1,31,072 క్లాకులు, మన క్లాక్ మీద సుమారు 10.9 మిల్లీసెకన్లు. చాలా బటన్లకి ఇది సరిపోతుంది, చాలకపోతే ఇంకో బిట్టు పెంచండి.

మూడో అంచె అంచు పట్టడం. స్థిరమైన బిట్టు పోయిన క్లాక్‌లో ఎంతో ఇంకో ఫ్లిప్‌ఫ్లాప్‌లో దాచుకోండి. ఇప్పుడు 1, ఇంతకుముందు 0 అయితే "నొక్కారు" అనే సిగ్నల్ సరిగ్గా ఒక్క క్లాక్ పాటు 1 అవుతుంది. ఈ ఒక్క క్లాక్ పల్స్ మీదే 0 నుంచి 9 దాకా తిరిగే నాలుగు బిట్ల అంకె పెరుగుతుంది. కొన్ని బోర్డుల్లో బటన్ నొక్కితే 0 వస్తుంది, అలా ఉంటే గుమ్మం దగ్గరే తిరగేసి, లోపలంతా 1 అంటే నొక్కినట్టు అనే అర్థంతోనే నడపండి.

సీరియల్ లైను

లైను ఊరికే ఉన్నప్పుడు 1లో ఉంటుంది. పంపేటప్పుడు ముందు ఒక 0 (స్టార్ట్ బిట్టు), తర్వాత ఎనిమిది డేటా బిట్లు అన్నిటికన్నా కింది బిట్టుతో మొదలుపెట్టి, చివర ఒక 1 (స్టాప్ బిట్టు). మొత్తం పది. వేగం సెకనుకి 1,15,200 బిట్లు అనుకుంటే, ఒక బిట్టుకి 12 మెగాహెర్ట్జ్ క్లాకులు 104.17 వస్తాయి, 104 తీసుకుందాం, తేడా 0.16 శాతమే.

బొమ్మ ఇలా ఉంటుంది. పది బిట్ల షిఫ్ట్ రిజిస్టర్ (బిట్లని ఒక్కో అడుగు పక్కకి జరిపే పెట్టె) ఒకటి, దాని అన్నిటికన్నా కింది బిట్టే లైను, మొదట్లో అన్నీ 1లు. ఏడు బిట్ల కౌంటర్ ఒకటి, 103 నుంచి 0 దాకా దిగుతుంది. ఇంకా ఎన్ని బిట్లు పంపాలో గుర్తుంచుకునే నాలుగు బిట్ల కౌంటర్ ఒకటి. ఆ చివరిది సున్నా అయితే ఖాళీగా ఉన్నట్టు. ఖాళీగా ఉన్నప్పుడు "పంపు" అని వస్తే పై నుంచి కిందికి 1, డేటా, 0 అని షిఫ్ట్ రిజిస్టర్‌లో నింపి, బిట్ల లెక్కలో 10 పెట్టి, ఏడు బిట్ల కౌంటర్‌లో 103 పెట్టండి. అది సున్నాకి వచ్చిన ప్రతిసారీ రిజిస్టర్ కుడివైపుకి ఒక అడుగు జరగాలి, పై నుంచి 1 చేరాలి, బిట్ల లెక్క ఒకటి తగ్గాలి, కౌంటర్ మళ్ళీ 103కి పోవాలి. మొత్తం బైటు 1,040 క్లాకుల్లో, అంటే 87 మైక్రోసెకన్లలోపే అయిపోతుంది. మనిషి వేలు అంత త్వరగా రెండోసారి నొక్కలేదు గనుక ఇక్కడ క్యూ అక్కర్లేదు. "నొక్కారు" పల్స్ అప్పుడే అంకె కూడా మారుతోంది కాబట్టి, "పంపు" సిగ్నల్‌ని ఒక ఫ్లిప్‌ఫ్లాప్‌తో ఒక క్లాక్ వెనక్కి నెట్టండి, అప్పుడు కొత్త అంకె వెళ్తుంది. టెర్మినల్‌లో అంకెగా కనబడాలంటే పంపేముందు 48 కలపండి, అక్షరాలకి నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో సున్నా అనే అక్షరం నంబరు అదే.

లెక్క 0 నుంచి 103 దాకా, అంటే 104 మెట్లు. 104 నుంచి దిగితే 105 మెట్లవుతాయి, అయినా టెర్మినల్‌లో అక్షరాలు సరిగ్గానే వస్తాయి, ఎందుకంటే తప్పు ఒక శాతం లోపే. అదే మాడ్యూల్‌ని రేపు సెకనుకి పది లక్షల బిట్ల వేగానికి మారిస్తే 12 మెట్ల చోట 13 అవుతాయి, తేడా దాదాపు 8 శాతం, పదో బిట్టుకి వచ్చేసరికి అటువైపు వాళ్ళు చదివే చోటే మారిపోయి అంతా చెత్త వస్తుంది. పనిచేస్తోంది కదా అని వదిలేసిన ఒక్క క్లాక్ తప్పు ఇలా తిరిగొస్తుంది, కాబట్టి వేవ్‌ఫామ్‌లో ఒక బిట్టు వెడల్పుని కొలిచి చూసుకోండి.

చాలామంది చేసే ఇంకో పని, కౌంటర్ బిట్టునే నెమ్మది క్లాక్‌గా వాడి దానితో షిఫ్ట్ రిజిస్టర్‌ని నడపడం. వద్దు. చిప్‌లో క్లాక్ కోసం ప్రత్యేకమైన దారులున్నాయి, అవి అన్ని ఫ్లిప్‌ఫ్లాప్‌లకీ దాదాపు ఒకేసారి చేరేలా వేసినవి. మామూలు లాజిక్‌లోంచి తీసిన క్లాక్ ఒక్కో చోటికి ఒక్కో సమయానికి చేరొచ్చు, పైగా అది టూల్ దృష్టిలో ఇంకో కొత్త క్లాక్. అన్ని పెట్టెలకీ అదే 12 మెగాహెర్ట్జ్ ఇచ్చి, "ఈ క్లాక్‌లో మారు" అనే ఎనేబుల్ పల్స్‌తో నెమ్మది చేయండి.

బోర్డు ముట్టుకోకముందు టెస్ట్‌బెంచ్

డిజైన్‌ని సిమ్యులేటర్‌లో పరీక్షించే ఫైలే టెస్ట్‌బెంచ్, చాలామంది అంటే క్లాక్ కొట్టి వేవ్‌ఫామ్ చూడ్డమే అనుకుంటారు. కళ్ళతో చూసి "బానే ఉంది" అనుకునే పరీక్ష రెండోసారి ఎవరూ చేయరు. మీ టెస్ట్‌బెంచ్ తానే తప్పు పట్టాలి. మన ప్రాజెక్టుకైతే అందులో ఒక చిన్న రిసీవర్ రాయండి: లైను 0కి పడేదాకా ఆగు, బిట్టున్నర సమయం ఆగి మొదటి డేటా బిట్టు చదువు, బిట్టుకొకసారి మిగతా ఏడూ చదువు, వచ్చిన అక్షరం అనుకున్నదేనా పోల్చు, కాకపోతే ఎర్రర్ ముద్రించి ఆగిపో. ఇది చిప్‌లోకి వెళ్ళదు కాబట్టి ఇక్కడ ప్రోగ్రామ్‌లాగే రాయొచ్చు, ఆగడాలూ లూపులూ అన్నీ వాడొచ్చు.

బటన్‌ని కూడా నిజం బటన్‌లా ప్రవర్తించనివ్వండి. నొక్కేముందు ఒక పదిహేనుసార్లు ర్యాండమ్ వ్యవధుల్లో 0, 1 ఊగించి, తర్వాత నిలకడగా ఉంచండి, అప్పుడు అంకె ఒకటే పెరగాలి. డిబౌన్స్ 17 బిట్లుంటే ఒక్కో నొక్కుకీ లక్ష క్లాకులు నడవాలి, సిమ్యులేషన్ నత్తనడక నడుస్తుంది, కాబట్టి ఆ వెడల్పుని పారామీటర్ చేసి పరీక్షలో 4 బిట్లకి తగ్గించుకోండి. క్లాక్‌తో కలిసి నడిచే ఇన్‌పుట్లు మార్చాల్సినప్పుడు క్లాక్ పడే అంచు దగ్గర మార్చండి. లేచే అంచు దగ్గరే మారిస్తే ముందు ఏది జరిగిందన్నది సిమ్యులేటర్ ఇష్టం, ఇవాళ ఒక జవాబు, వేరే సిమ్యులేటర్‌లో ఇంకో జవాబు.

సింథసిస్, పిన్‌లు, టైమింగ్

సింథసిస్ నడిపేముందు కాగితం మీద పెట్టెల్లోని బిట్లు కూడండి. మిణుకు కౌంటర్ 24, సింక్రనైజర్ 2, డిబౌన్స్ 17, స్థిరమైన బిట్టు 1, పాత విలువ 1, అంకె 4, ఒక క్లాక్ వెనక్కి నెట్టిన "పంపు" 1, సీరియల్‌లో 7, 10, 4. మొత్తం 71. రిపోర్టులో ఫ్లిప్‌ఫ్లాప్‌లు 71 దగ్గర్లో ఉంటే మీ బొమ్మే చిప్‌లో కూర్చుంది. 24 అని వస్తే? ఏదో అవుట్‌పుట్ ఎక్కడికీ కలవలేదు, దాని వెనకున్నదంతా ఎవరికీ పనికిరాదని టూల్ కొట్టేసింది. ఏదైనా లాచ్ కనబడితే వెనక్కి వెళ్ళి ఆ ఎల్స్ వెతకండి. ఈ ఒక్క లెక్క నాకు పట్టించినన్ని తప్పులు వేరే ఏ టూలూ పట్టించలేదు.

తర్వాత కన్‌స్ట్రెయింట్స్ ఫైల్. ఏ పోర్టు ఏ పిన్‌కి, ఏ వోల్టేజికి, క్లాక్ వేగం ఎంత అన్నవి అందులో రాస్తారు. పిన్ నంబర్లు బోర్డు స్కీమాటిక్ చూసి రాయండి. చాలా బోర్డుల్లో పిన్‌లు 3.3 వోల్టులవి, 5 వోల్టుల సిగ్నల్ నేరుగా కలిపితే చిప్ పాడవ్వొచ్చు. క్లాక్ వేగం చెప్పకపోతే మాత్రం టైమింగ్ రిపోర్టుకి అర్థమే ఉండదు, టూల్ దేనితో పోల్చాలి?

టైమింగ్ అంటే మన బొమ్మలో మబ్బు దాటడానికి పట్టే సమయం. పెట్టెలోంచి బయటికి రావడానికి కొంత, మబ్బులోని లట్‌లూ వైర్లూ దాటడానికి కొంత, అవతలి పెట్టె గుమ్మంలో అంచుకి ముందే కుదురుగా నిలబడడానికి కొంత, దీన్ని సెటప్ అంటారు. ఈ మూడూ కలిపి క్లాక్ వ్యవధిలో పట్టాలి. 12 మెగాహెర్ట్జ్‌కి అది 83.3 నానోసెకన్లు, మన డిజైన్ సుఖంగా పడుతుంది. 100 మెగాహెర్ట్జ్‌కి 10 నానోసెకన్లే. మిగిలిన సమయమే స్లాక్, అది మైనస్‌లోకి పోతే డిజైన్ పూర్తికానట్టే. "మైనస్ ఉన్నా బోర్డు మీద నడుస్తోంది" అని వదిలేయకండి. టూల్ లెక్కలు అత్యంత చెడ్డ ఉష్ణోగ్రతకీ వోల్టేజికీ వేసినవి, మీ టేబుల్ మీద నడిచింది వేడెక్కిన డబ్బాలో నడవాలని లేదు.

మైనస్ వస్తే మబ్బుని రెండు ముక్కలు చేసి మధ్యలో పెట్టె పెట్టండి, దీన్నే పైప్‌లైన్ అంటారు. జవాబు ఒక క్లాక్ ఆలస్యంగా వస్తుంది. ఆ జవాబుతో పాటు నడవాల్సిన మిగతా సిగ్నళ్ళని కూడా అంతే ఆలస్యం చేయడం మర్చిపోతే ఒక డేటాకి ఇంకో డేటా జెండా (ఆ డేటా గురించి చెప్పే బిట్టు) తగులుతుంది, పైప్‌లైన్‌లో ఎక్కువ తప్పులు ఇక్కడే దొర్లుతాయి.

బోర్డు మీద

ఒకేసారి మొత్తం ఎక్కించకండి. ముందు ఎల్‌ఈడీకి శాశ్వతంగా 1 ఇచ్చి చూడండి, పిన్ సరైనదేనా, 1 అంటే వెలగడమా ఆరడమా తెలుస్తుంది. తర్వాత మిణుకు, క్లాక్ సంగతి తేలుతుంది. తర్వాత బటన్ లేకుండానే సెకనుకి కొన్నిసార్లు 85 అనే బైటు పంపండి. ఆస్కీలో అది పెద్ద అక్షరం యూ, దాని బిట్లు స్టార్ట్, స్టాప్‌లతో కలిపి లైను మీద 0, 1, 0, 1 అంటూ సమానంగా ఊగుతాయి, అందుకే ఆసిలోస్కోప్‌లో బిట్టు వెడల్పు కొలవడానికి దానంత బాగుండే అక్షరం లేదు. టెర్మినల్‌లో ఏమీ రాకపోతే ముందు పంపే, అందుకునే పిన్‌లు తారుమారయ్యాయేమో చూడండి, బోర్డు మీద రాసిన పేరు ఒక్కోసారి ఎఫ్‌పీజీఏ వైపు నుంచి కాక, యూఎస్‌బీ చిప్ వైపు నుంచి పెట్టినది ఉంటుంది. చెత్త అక్షరాలొస్తే వేగం లెక్క తప్పింది. అంతా అయ్యాకే బటన్ కలపండి. సరిగ్గా నడిచేదాకా చిప్‌లోకి నేరుగా లోడ్ చేస్తూ, చివర్లో ఫ్లాష్‌లో రాయండి.

ఇది నడిచాక తర్వాతి పని సీరియల్ రిసీవర్, అదే బోర్డు మీద, టెర్మినల్‌లో అంకె కొడితే అది కౌంటర్‌లోకి రావాలి. లోపలికొచ్చే లైను కూడా బటన్‌లాంటి బయటి సిగ్నలే కాబట్టి ముందు రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌లు గీయండి. లైను 0కి పడ్డాక 52 క్లాకులు ఆగి అది ఇంకా 0లోనే ఉందో లేదో చూసుకోవాలి, ఉంటే అక్కడి నుంచి ప్రతి 104 క్లాకులకీ ఒక బిట్టు. ఎన్ని పెట్టెలు, ఎన్ని బిట్లు వస్తాయో ముందే కూడి కాగితం మూలన రాసి పెట్టుకోండి, సింథసిస్ రిపోర్టు వచ్చాక పోల్చుకోవాలి.